రెండు గంటల మెయిల్

"ఐదింటికి పోలీసులొస్తారు" అన్నాడు నిపుణుడు, ఇంటికి చుట్టాలొస్తున్నారన్నంత తీరిగ్గా.

మీటింగు గది గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. జల్లెడ తన చేతి గడియారంతో దాన్ని సరిచూసుకుంది. రెండు నిమిషాలు తేడా ఉంది. తనదాన్నే నమ్మింది.

ఆ పేరు ఆవిడకు కాలేజీ పిల్లలు పెట్టింది. ఇరవై రెండేళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఏ జవాబు పత్రం ఆవిడ చేతిలో పడినా, అందులో రాయి ఉంటే తప్పకుండా పైన మిగిలేది. ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివునని బోర్డు కట్టుకున్నాక కూడా ఆ పేరు వదల్లేదు, ఆవిడా వదిలించుకోలేదు.

నిపుణుడు ఒకప్పుడు ఆవిడ క్లాసులో రెండో బెంచీ మీద కూర్చున్నవాడే. ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున కంప్యూటర్ నేరాలు విచారిస్తాడు. అతని ముందున్న నివేదిక ముప్పై నాలుగు పేజీలు. అట్ట మీద సీలు అప్పటికే వేసేశారు. చివరి పేజీలో సంతకం ఒక్కటే బాకీ.

బల్లకు అవతలి పక్క ముద్దాయి కూర్చుంది. ముప్పై ఏళ్ళ ప్రోగ్రామరు. ఆమె పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కుడి కంటి మీద అట్టముక్క అంటించుకుని ఆమె అత్తగారు కూర్చుంది. కోడల్ని కాపాడమని జల్లెడ దగ్గరికి వచ్చింది ఈవిడే. కోడలి మీద ఫిర్యాదుతో వచ్చే అత్తగార్లను చూశాను గానీ, కోడలి తరఫున అడ్వాన్సు ఇచ్చే అత్తగారు నా సర్వీసులో మీరే మొదలు అని నిన్న జల్లెడ అంటే, ఆవిడ తడుముకోకుండా చెప్పింది: "మూడేళ్ళ నుంచి దీంతో పోట్లాడుతున్నానమ్మా. దీని తప్పులు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఈ తప్పు ఆ లిస్టులో లేదు."

ఆ తప్పేమిటో నివేదిక మొదటి పేజీలోనే ఉంది. ఇది పసిపిల్లల టీకా మందులు నిలవచేసే కంపెనీ. సోమవారం మధ్యాహ్నం మూడింటికి పెద్ద చల్లగది మోటారు ఆగిపోయింది. గది ఎనిమిది డిగ్రీలు దాటి వేడెక్కితే, కోడలు రాసిన ప్రోగ్రాము నిమిషంలో ఐదుగురికి హెచ్చరిక మెయిల్ పంపాలి. ఒక్కరికీ పంపలేదు. మంగళవారం ఉదయం ఎనిమిదింటికి తలుపు తీసినవాడికి మొహాన వెచ్చటి గాలి కొట్టింది. గదిలో మందంతా పారబొయ్యడానికే పనికొచ్చింది. ఆ వారం పదకొండు ఆస్పత్రుల్లో పిల్లలకు టీకాల్లేవు.

"ప్రోగ్రాము మెయిల్ పంపాలంటే రెండు లైబ్రరీ ఫైళ్ళు కావాలి" నిపుణుడు వేళ్ళు మడిచాడు. "అంటే ఎవరో ముందే చేసిపెట్టిన పనిముట్లన్నమాట, పెద్దమ్మగారూ. ఒకటి మెయిల్ ఫైలు, రెండోది దానికి తోడు యాక్టివేషన్ ఫైలు. రెండూ ఉండాలని ఈవిడ స్వయంగా రాసిన సూచనల కాగితంలోనే ఉంది. ఇప్పుడు సర్వర్లో చూస్తే ఒకటే ఉంది. రెండోది మాయం. రెండు వారాల కింద ఈవిడ మేనేజరుతో గొడవపడి రాజీనామా ఇచ్చింది. సోమవారం పదింటికి సెలవు నుంచి తిరిగొచ్చింది. సోమవారమే అలారం చచ్చిపోయింది. ఇంతకంటే విప్పి చెప్పాల్సిందేమన్నా ఉందా?"

"నా కోడలికి నోరు పెద్దదే" అంది అత్తగారు. "చెయ్యి మాత్రం అలాంటిది కాదు."

"పెద్దమ్మగారూ, మీకు కంటి ఆపరేషనయింది. మీరు విశ్రాంతి తీసుకోవాలి."

"ఒక కన్ను పనిచేస్తోంది నాయనా. నిన్ను చూడ్డానికి అది చాల్లే."

జల్లెడ నివేదిక పక్కకి జరిపి కోడలి వైపు తిరిగింది. ఆ పిల్ల రెండు రోజులుగా నిద్రపోలేదని కళ్ళే చెబుతున్నాయి.

"ఆ రెండో ఫైలు నువ్వు తీసేశావా?"

"లేదు మేడమ్."

"ఎప్పుడైనా పెట్టావా?"

కోడలు తల ఎత్తి ఆవిణ్ణి చూసింది. రెండు రోజుల్లో ఆమెను ఇరవైమంది తీశావా అని అడిగారు. పెట్టావా అని ఎవరూ అడగలేదు.

"పెట్టే ఉంటాను" అంది చివరికి. "కాగితంలో రాశానుగా. కానీ... పెట్టినట్టు గుర్తులేదు. పద్నాలుగు నెలల నాటి మాట. మొదటిసారి పంపగానే మెయిల్ వెళ్ళింది. వెళ్ళాక ఇంక ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరు" అంది జల్లెడ లేస్తూ. "పద, సర్వర్ గది చూద్దాం."

నిపుణుడు కూడా లేచాడు. "నేను చూశాను మేడమ్. ఫొటోలు పదహారో పేజీలో ఉన్నాయి."

"నీ జవాబులెప్పుడూ చక్కగా ఉండేవి నాయనా. ప్రశ్న చదవడమే నీకు బద్ధకం."

సర్వర్ గది తాళాలు అత్తగారి కొడుకు దగ్గరుంటాయి. అతనూ ఇక్కడే ఉద్యోగి, యంత్రాల బాగోగులు చూస్తాడు. మొగుడూ పెళ్ళాం ఒకే ఆఫీసులో ఉండటం మంచిదేనని, కూరలో ఉప్పెక్కువైందన్న గొడవ కూడా భోజనాల వేళకే తేలిపోతుందని అత్తగారు దారిలో చెప్పింది. అతను గడ్డం గీసుకోలేదు. తాళం తియ్యడానికి మూడు తాళంచెవులు మార్చాడు.

గది నిండా చల్లగాలి, ఫ్యాన్ల రొద. ఒక మూల చిన్న బల్ల, తెర, కీబోర్డు. కొడుకు కూర్చున్నాడు. జల్లెడ అతని భుజం వెనక నిలబడింది.

"ఆ లైబ్రరీ ఫైళ్ళుండే ఫోల్డరు చూపించు బాబూ. ఫైళ్ళు కాదు, ఫోల్డరు. దాన్ని ఆఖరిసారి ఎప్పుడు మార్చారో తారీఖు ఉంటుంది."

తెర మీద తారీఖు పడింది. పద్నాలుగు నెలల కిందటిది.

"ఫోల్డర్లోంచి ఏది తీసినా దాని తారీఖు మారుతుంది" అంది జల్లెడ. "డబ్బాలోంచి చెంచాడు పంచదార తీసినా మూత మీద వేలిముద్ర పడుతుంది కదా, అలాగన్నమాట. ఈ మూత పద్నాలుగు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు."

"తారీఖులు వెనక్కి తిప్పొచ్చు" అన్నాడు నిపుణుడు. "తెలిసినవాళ్ళకి నిమిషం పని. ఈవిడ తెలిసినావిడే."

"తిప్పొచ్చు. అయితే పోయినేడాది బ్యాకప్ టేపు బయటి లాకర్లో ఉంది. అందులోని ఫైళ్ళ జాబితా పొద్దున్నే తెప్పించాను." ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. "లెక్కపెట్టు. అందులోనూ ఒకటే ఫైలు. లేని ఫైలుని దొంగిలించిందని కేసు పెడుతున్నావు నువ్వు."

నిపుణుడు కాగితం రెండుసార్లు చదివాడు. క్లాసులో కూడా ఇలాగే చదివేవాడు, మార్కులు పడ్డాక.

"మరి పద్నాలుగు నెలలు మెయిల్ ఎలా వెళ్ళింది? ఆ ఫైలు లేకుండా వెళ్ళదు."

"అద్దె ఇల్లు సంగతి తీసుకో" అంది జల్లెడ. "పాత ఇంట్లో గోడ బీరువా ఉంది. బట్టలు అందులో సర్దుకుని హాయిగా ఉన్నారు. బీరువా కొనాలని కాగితం మీద రాసుకున్నారు, అవసరం రాలేదు కాబట్టి కొనలేదు. ఒకరోజు సామాన్లు కొత్తింటికి మార్చారు. అక్కడ గోడ బీరువా లేదు. బట్టలన్నీ నేల మీద. నువ్వొచ్చి, కోడలు బీరువా ఎత్తుకెళ్ళిందంటున్నావు. ప్రోగ్రాములన్నీ నడవడానికి కింద జావా అని ఒకటుంటుంది, అదే ఇల్లు. పాత జావా కడుపులోనే ఆ యాక్టివేషన్ సరుకంతా ఉండేది. కొత్త జావాలో దాన్ని తీసేశారు, కావలసినవాళ్ళు విడిగా తెచ్చుకోమన్నారు. బాబూ, ఈ సర్వరు మీద జావా ఎప్పుడు మార్చారు?"

కొడుకు చేతిలో తాళాలగుత్తి ఒక వేలి మీంచి ఇంకో వేలి మీదకి మారింది.

"శుక్రవారం" అన్నాడు. "ఒంటిగంటా నలభైకి. రికార్డులో ఉంది."

"ఎవరు మార్చారు?"

"అడ్మిన్ పేరుతో. ఆ పాస్‌వర్డు మా నలుగురి దగ్గరా ఉంది. ఫలానా వాళ్ళని చెప్పలేం."

"నలుగురికి ఒకే పాస్‌వర్డా?"

"వేరువేరుగా ఇమ్మని అడగాలని అనుకున్నాం మేడమ్. పోయిన నెల వేరే సర్వరు విషయంలో నాకు మెమో ఇచ్చారు. ఇంకోటి వస్తే ఇంటికే. అప్పట్నుంచి ఏదీ అడగడం మానేశాను."

జల్లెడ ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టింది. "సరే. ఇప్పుడు ఆ ప్రోగ్రాముతోనే ఒక మెయిల్ పంపించు, నా ఫోనుకి. ఏం జరిగినా తెర మీద కనపడాలి."

కొడుకు ఏదో టైపు చేశాడు. ఒక క్షణం తర్వాత తెర నిండా ఎర్ర అక్షరాలు దిగాయి. మొదటి వరుసలోనే ఉంది: నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్. పక్కన, దొరకనిదాని పేరు. జావాఎక్స్, యాక్టివేషన్, డేటాసోర్స్.

"పాత జావా ఇంకా డిస్కులో ఉంది కదా. దాని మీద నడిపించు."

ఈసారి ఎర్ర అక్షరాలు లేవు. జల్లెడ సంచిలో ఫోను టింగుమంది.

గుమ్మంలో నిలబడ్డ కోడలు నెమ్మదిగా గోడకి ఆనుకుంది. "ఇంత జరిగితే, ప్రోగ్రాము జరిగినవన్నీ రాసుకునే నా లాగ్‌లో ఒక్క ముక్క పడలేదేం? ఏ ప్రమాదం జరిగినా రాయమని చెప్పానే."

"ఏమని చెప్పావు? ఎక్సెప్షన్ వస్తే రాయమన్నావా?"

"అవును..." అని, ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. అర్థమైపోయింది. "ఇది ఎక్సెప్షన్ కాదు. ఎర్రర్."

"ఏంటమ్మా తేడా?" అని అత్తగారు అడిగింది.

"దొంగలు పడితే పుస్తకంలో రాయమని కాపలావాడికి చెప్పింది మీ కోడలు. ఇల్లే కూలిపోయింది. దొంగలు కాదు కదా అని వాడు రాయలేదు" అంది జల్లెడ. "పైగా ఒకసారి కూలాక, ఆ పని మళ్ళీ మొదలవదు. చడీచప్పుడు లేకుండా పడుకుంటుంది."

"అది నా తప్పే" అంది కోడలు. "అది మాత్రం నా తప్పే."

"తప్పే. తప్పుకి జైలుండదు. ఉంటే ఈ ఆఫీసంతా లోపలే ఉండాలి." జల్లెడ నిపుణుడి వైపు తిరిగింది. "శుక్రవారం ఒంటిగంటా నలభైకి ఎవరో జావా మార్చారు. ఆ నిమిషం నుంచే అలారం చచ్చింది. ఆ రోజు ఈ పిల్ల సెలవులో ఉంది. నీ నివేదిక ముప్పై నాలుగు పేజీలా? చింపడానికి తేలిగ్గానే ఉంటుంది."

నిపుణుడు నవ్వాడు. జల్లెడకు ఆ నవ్వు నచ్చలేదు. రెండో బెంచీ మీద కూడా, పక్కవాడి పేపర్లో తనకి దొరికిన జవాబు టీచరుకి దొరకలేదని తెలిసినప్పుడు వాడు ఇలాగే నవ్వేవాడు.

"జావా శుక్రవారం మార్చారని నాకూ తెలుసు మేడమ్. పంతొమ్మిదో పేజీలో రాశాను. మరి రోజూ మధ్యాహ్నం రెండింటికి 'అంతా క్షేమం' అని మేనేజరుకి ఇదే ప్రోగ్రాము మెయిల్ పంపుతుంది, అది చూశారా? శుక్రవారం రెండింటికి వచ్చింది. శనివారం వచ్చింది. ఆదివారం వచ్చింది. సోమవారం రాలేదు. మీరు చెప్పినట్టు శుక్రవారమే ఇల్లు కూలితే, మూడు రోజులు ఆ ఇంట్లోంచి ఉత్తరాలు రాసిందెవరు?"

ఫ్యాన్ల రొద ఒక్కసారిగా పెరిగినట్టనిపించింది. జల్లెడ తెర మీది తారీఖుని మళ్ళీ ఒకసారి చదివింది.

"జావా మారాక కూడా ప్రోగ్రాము పనిచేసింది. ఎలాగన్నది నాకనవసరం" అన్నాడతను. "సోమవారం ఈవిడొచ్చింది, ఆగింది. మేనేజరు సంతకం పెట్టడానికి నాలుగుముప్పావుకి వస్తారు."

"సోమవారం నువ్వెక్కడున్నావు బాబూ?" జల్లెడ కొడుకుని అడిగింది, ఏదో ఒకటి అడగాలని.

"మీటింగులో. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా. ఫోన్లు కూడా బయట పెట్టించారు. మేనేజరే సాక్షి."

అప్పటికప్పుడు, అడిగినదానికంటే మూడు ముక్కలు ఎక్కువగా వచ్చిన జవాబది.

* * *

మళ్ళీ మీటింగు గది. నాలుగూ ఐదు. కొడుకు తాళాలగుత్తి ఆడిస్తూ గుమ్మం దగ్గరే ఆగాడు. నివేదికలో ఆ మూడు మెయిళ్ళూ అచ్చు వేసి అంటించారు. జల్లెడ వాటిని తోసేసి, మేనేజరు మెయిల్‌పెట్టెలో అసలువి తెరిపించమంది. నిపుణుడు తన ల్యాప్‌టాప్ తిప్పి పెట్టాడు, గెలిచినవాడి ఔదార్యంతో.

ఆవిడ పోయిన గురువారం మెయిల్ తెరిచింది. "అంతా క్షేమం. ఉష్ణోగ్రత 4.20." వచ్చిన సమయం రెండు గంటల మూడు సెకన్లు. బుధవారంది తెరిచింది. రెండు గంటల మూడు సెకన్లు. ఆ ముందు రోజుదీ అంతే. అలా రెండు నెలలు వెనక్కి వెళ్ళింది. యంత్రానికి బద్ధకం ఉండదు, తొందరా ఉండదు. రోజూ ఆ మూడో సెకనుకే.

శుక్రవారం మెయిల్: రెండు గంటలా ఆరు నిమిషాలు. శనివారం: రెండింటికి రెండు నిమిషాలు తక్కువ. ఆదివారం: రెండు దాటి నిమిషం.

"సర్వర్ మీద పని ఎక్కువై ఆలస్యమవుతుంది" అన్నాడు నిపుణుడు.

"శనివారం రెండు నిమిషాలు ముందే వచ్చింది. పని ఎక్కువైతే ముందు వస్తుందా? మీ ఇంట్లో అలా జరిగితే కబురు చెయ్యి, నేనూ చూస్తాను." ఆవిడ తెర మీద వేలు పెట్టింది. "గురువారం 4.20. శుక్రవారం 4.2. ఆ సున్నా ఏమైంది? యంత్రం తన పద్ధతి ప్రకారం చివరి సున్నా కూడా రాస్తుంది. దాన్ని విసుగ్గా వదిలేసేది మనిషి."

కోడలు ముందుకి వంగింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆమె ప్రోగ్రామరులా మాట్లాడింది. "హెడర్లు చూడండి మేడమ్. మెయిల్ వెనకాల దాచి ఉండే వివరాలు. నా ప్రోగ్రాము పంపితే మెయిల్ నెంబరులో జావామెయిల్ అని దానంతటదే పడుతుంది. నేను పెట్టింది కాదు, లైబ్రరీ పెడుతుంది."

జల్లెడ గురువారంది తెరిచింది. జావామెయిల్. బుధవారంది, జావామెయిల్. శుక్రవారంది తెరిచింది. ఆ మాట లేదు. శనివారం, ఆదివారం, లేదు.



"ఈ మూడూ ప్రోగ్రాము పంపలేదు" అంది జల్లెడ. "ప్రోగ్రాము అడ్రసు పెట్టుకుని ఎవరో మామూలు మెయిల్ డబ్బాలోంచి చేత్తో టైపు చేశారు. అలారం చచ్చిపోయిందని ఆ మనిషికి శుక్రవారం రెండింటికే తెలుసు. తెలిసీ మూడు రోజులు క్షేమం అని రాశారు. నీ సోమవారం కథంతా ఈ మూడు మెయిళ్ళ మీద నిలబడింది నాయనా. కాళ్ళు విరిగాయి."

నిపుణుడు ఈసారి నవ్వలేదు. తప్పైతే ఒప్పుకోడు గానీ, తెలివితక్కువవాడు కాదు. ల్యాప్‌టాప్ తనవైపు లాక్కుని ఆ దాచిన వివరాలు తనే చదవడం మొదలుపెట్టాడు. పెదాలు కదిలాయి. వేలు ఒక అంకె దగ్గర ఆగింది.

"ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి పంపారో కూడా ఉంటుంది ఇందులో" అన్నాడు.

జల్లెడకు అప్పుడు తట్టింది. ఆ వాక్యం పూర్తికాకముందే, అతను నివేదిక చివరి పేజీలు తిప్పకముందే తట్టింది. సోమవారం మీటింగు. ఫోన్లు బయట. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఒక మనిషి టైపు చెయ్యలేకపోయాడు, అందుకే సోమవారం మెయిల్ రాలేదు. ఆవిడ తల తిప్పి గుమ్మం వైపు చూడలేదు. చూస్తే ఇంకొకరు కూడా చూస్తారు.

నిపుణుడికి కావలసిన పేజీ దొరికింది. కోడలు ఇంటి నుంచి పనిచేసిన రోజుల జాబితా, ఏ కనెక్షన్ నుంచి ఆఫీసులోకి వచ్చిందో ఆ అంకెలు. రెంటినీ పక్కపక్కన పెట్టాడు. ఒక్కో అంకె మీద కలం ఆనించుకుంటూ వచ్చాడు.

"మూడు మెయిళ్ళూ ఒకే కనెక్షన్ నుంచి" అన్నాడు. గొంతులో మళ్ళీ ఆ పాత ఆనందం. "ఈవిడ ఇంటి కనెక్షన్. మేడమ్, మీకు చాలా థాంక్స్. ఇందాకటి వరకు నా దగ్గర అనుమానమే ఉంది. ఇప్పుడు సాక్ష్యం ఉంది. అలారం పోయిందని తెలిసి, సెలవులో ఇంట్లో కూర్చుని, దొంగ మెయిళ్ళు పంపింది. తీరా తిరిగొచ్చి చేతులు కడుక్కుంది. ఇది తప్పు కాదు, నేరమే."

తవ్వుకున్న గోతిలో తనే దిగినట్టుంది జల్లెడకు. నాలుగు ఇరవై.

"శనాదివారాలు ఎవరైనా ఇంట్లోనే ఉంటారు, వాటిని వదిలెయ్" అంది మెల్లగా, ఇష్టంలేకుండా. "శుక్రవారం చూడు. రెండు గంటలా ఆరు నిమిషాలు."

"చూద్దాం. పెద్దమ్మగారూ, శుక్రవారం మీ ఆపరేషను కదా. రెండింటికి మీ కోడలు ఎక్కడుంది?"

"నేను మధ్యలో ఇంటికెళ్ళాను" అంది కోడలు.

చాలా త్వరగా అంది. ఎవరి మొహమూ చూడకుండా బల్ల అంచుని చూస్తూ అంది. "అత్తయ్యకి శాలువా మర్చిపోయాను. ఒంటిగంటన్నరకి వెళ్ళి రెండున్నరకి వచ్చాను. ఆ మెయిల్ నేనే పంపాను. రాసుకోండి."

నిపుణుడు కలం మూత తీశాడు. జల్లెడ ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది. ఇందాక తనకు తట్టింది ఈమెకూ తట్టింది, అదే క్షణంలో. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఇద్దరు ఆస్పత్రిలో ఉన్నారు.

గుమ్మం దగ్గర తాళాల చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా" అంది జల్లెడ అత్తగారితో. "మీరు జవాబు చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో రిజిస్టరుంటుంది. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎప్పుడెళ్ళారో నేను తెప్పిస్తాను. గంట పడుతుంది. పోలీసులతో నేను మాట్లాడతాను."

"రిజిస్టరెందుకు? నేను బతికే ఉన్నానుగా."

"అత్తయ్యా, మీకు మత్తిచ్చారు, మీకు గుర్తుండదు" అంది కోడలు.

"కంటికిచ్చారే మత్తు, తలకాయకి కాదు." అత్తగారు నల్లకళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పనిచేసే కన్ను ఎర్రగా ఉంది. వెలుతురు పడక అది నీళ్ళు కారుస్తోంది. "ఇది అబద్ధమాడుతోంది నాయనా. నన్ను లోపలికి తీసుకెళ్ళేదాకా పది నిమిషాలకోసారి కంట్లో చుక్కలేశారు. వేసినప్పుడల్లా నా తల పట్టుకుంది ఇదే. బయటికి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టగానే చెయ్యి పట్టుకుంది. టైమెంతే అన్నాను. రెండూ ఐదు అత్తయ్యా అంది. ఒక గంట అలాగే పట్టుకుని కూచుంది, నాకు భయమని. నేను భయమని చెప్పలేదు. ఇది కనిపెట్టింది."

"అయితే రెండూ ఆరుకి..."

"దీని రెండు చేతుల్లోనూ నా చెయ్యుంది. ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు."

నిపుణుడు రాస్తున్నాడు. రాసి, ఆగి, తల ఎత్తాడు. అతనికీ ఇప్పుడే అందింది. తొలిసారి అతని గొంతు కాస్త తగ్గింది.

"పెద్దమ్మగారూ. ఆ సమయానికి ఇంట్లో ఎవరున్నారు?"

గోడ గడియారం రెండు నిమిషాల తప్పుతోనే నడుస్తోంది. కోడలు అత్తగారి మోచెయ్యి పట్టుకుంది, వద్దన్నట్టు. కోడల్ని కాపాడమని జల్లెడ ఫీజు తీసుకుంది. కాపాడింది.

అత్తగారు గుమ్మం వైపు చూడలేదు.

"నా కొడుకు" అంది. "మెషీన్లకి ఏదో కొత్తది ఎక్కించాలి, అది ఇంట్లోంచే చెయ్యొచ్చు, ఆస్పత్రికి నువ్వెళ్ళు అని పెళ్ళాన్ని పంపాడు. వాడు ఉన్నాడు ఇంట్లో."

నిపుణుడు మిగతా రెండు వరుసలు రాశాడు. మొత్తం ఒకసారి చదివి వినిపించాడు. ఆవిడ ప్రతి వాక్యానికీ తల ఊపింది, ఒకచోట "పది నిమిషాలకోసారి" అన్నది అతను వదిలేస్తే రాయించింది. తర్వాత అతను కాగితం ఆవిడ ముందుకు జరిపి కలం ఇచ్చాడు.

ఆవిడ కాగితం మీదకి వంగింది. కన్ను చికిలించింది. గీత ఆనలేదు. కోడలు వేలు చూపించబోతే ఆ చెయ్యి నెమ్మదిగా పక్కకి పెట్టేసింది.

"నువ్వు కాదు" అంది. ఆ తర్వాత, ఇంట్లో అన్నానికి పిలిచే గొంతుతోనే, "ఒరేయ్. గీత ఎక్కడుందో చూపించరా."

ఎంతసేపటికీ అడుగుల చప్పుడు వినపడలేదు. జల్లెడ ఇప్పుడు చూసింది. అతను గుమ్మంలో, ఒక కాలు బయట ఒక కాలు లోపల పెట్టి నిలబడి ఉన్నాడు. కారిడారు ఖాళీగా ఉంది, మెట్ల దారి తెరిచే ఉంది. జల్లెడ లేవలేదు. నిపుణుడూ లేవలేదు.

అతను లోపలికి వచ్చాడు. తాళాలు బల్ల మీద పెట్టాడు. తల్లి కుర్చీ పక్కన మోకాలి మీద కూర్చుని, ఆవిడ చూపుడువేలు పట్టుకుని గీత మొదట్లో ఆనించాడు.

"ఇక్కడమ్మా."

ఆవిడ అక్షరం తర్వాత అక్షరం తన పేరు రాసింది. చివరి అక్షరం గీత దాటి కొంచెం కిందికి జారింది. అంతసేపూ అతను వేలు వదల్లేదు.

"సాయంత్రానికి బాగుచేసేద్దాం అనుకున్నానమ్మా" అన్నాడు, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా. "అడిగితే ఇంకో మెమో వస్తుందని. ఒక్క పూట అనుకున్నాను."

ఆవిడ కలం కింద పెట్టేసింది.

అతను ఆ కాగితాన్ని తనవైపు తిప్పుకుని, తల్లి సంతకం కింద ఉన్న ఖాళీ జాగా కేసి చూసి, ఆ కలం అందుకున్నాడు.